కత్తెర తోక చేప

పోయిన వారం మనం ఈ ఇంటిని వదిలి వచ్చేసరికి చిన్నకోడలు కుట్టుగది గుమ్మంలో నిలబడి ఉంది. భుజాన నల్ల సంచీ, చేతిలో టార్చిలైటు. లోపల పెద్దకోడలు కుర్చీలోంచి సగం లేచి, పూర్తిగా లేవాలో మళ్ళీ కూర్చోవాలో తేల్చుకోలేక అలాగే ఉండిపోయింది. తోడికోడళ్ళ మధ్య మాటలు ఆగి రెండేళ్ళు దాటింది. వాళ్ళ భర్తలిద్దరూ ఒకే లారీ మీద సరుకు తోలుతూ, ఒకే క్యారియర్‌లోది పంచుకుని తింటూ హాయిగా ఉన్నారు. భార్యలు మాత్రం వీధిలో ఎదురుపడితే ఒకరు మందుల షాపు వైపు, ఒకరు చెప్పుల కొట్టు వైపు శ్రద్ధగా చూస్తూ దాటిపోయేవారు. అలాంటిది, చిన్నకోడలికి ఫోన్ చేసి రమ్మన్నది మామగారు. పిలిచినట్టు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు తనకేమీ తెలియనట్టు మూలన స్టూలు మీద కూర్చుని బాబిన్లకు దారం చుట్టుకుంటున్నారు.

పిలవక తప్పలేదు. ఆరు చొక్కాలను ఒకేసారి కుట్టగల ఎంబ్రాయిడరీ మెషీను ఆ గదికి ప్రాణం. స్కూలు బ్యాడ్జీలు, జేబుల మీద పేర్లు, క్లబ్బుల బొమ్మలు అన్నీ దాని మీద కుట్టినవే. ఏ దారం ఎక్కడ వెయ్యాలో దానికి చెప్పేది పక్కనున్న పాత కంప్యూటర్. ఇంట్లో దాన్ని ముసలాయన అంటారు. కొత్తది కొనేస్తే పోదా అంటే పోదు. మెషీను తీగ పట్టే సాకెట్టు కొత్త కంప్యూటర్లలో రావడం లేదు. డిజైన్ల ప్రోగ్రాము వాటిలో తెరుచుకోదు. ఆ ప్రోగ్రాము చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మొన్న నర్సింగ్ విద్యార్థుల కోట్ల మీద దీపం బొమ్మ కుడుతుండగా ముసలాయన కడుపులోంచి టక్ టక్ మని చప్పుడు మొదలైంది. తెర బిగుసుకుపోయింది. కోట్లు సగానికి పైగా మిగిలే ఉన్నాయి.

"మామయ్యా, ఈ చప్పుడు ఎన్నాళ్ళ నుంచీ వస్తోందో ఒకసారి అడిగి చెప్పండి" అంది చిన్నకోడలు సంచీ దింపుతూ.

"మామయ్యా, మొన్నటి నుంచే అని చెప్పండి" అంది పెద్దకోడలు.

మామగారు బాబిను ఆపి కళ్ళజోడు పైనుంచి ఇద్దరినీ చూశారు. "చెప్తానమ్మా. మధ్యలో మంచం పొడుగు దూరం కూడా లేదు, అయినా చెప్తాను. మొన్నటి నుంచేనట."

చిన్నకోడలు పెదవి కొరికి నవ్వు ఆపుకుంది. వీధి చివర కంప్యూటర్లు రిపేరు చేసే షాపులో కౌంటరు దగ్గర కూర్చుని రోజంతా జనం గొడవలు వినే మనిషి, ఇక్కడ మాత్రం ఒక్కో మాటా తూచి మాట్లాడుతోంది. ముసలాయన ప్లగ్గు పీకింది, క్యాబినెట్ పక్కరేకు మరలు విప్పింది. రేకు లాగగానే రంగురంగుల దారపు పీచు ఉండలుగా బయటికి రాలింది.

"అబ్బో, లోపల పరుపు కుట్టుకున్నాడు" అన్నారు మామగారు.

పీచంతా మెత్తటి బ్రష్షుతో ఊడ్చి, చిన్నకోడలు టార్చి వెలిగించింది. ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో స్క్రూడ్రైవరు పట్టుకుంటే తీగ పక్కకు జరపడానికి మూడో చెయ్యి లేదు. టార్చిని పళ్ళ మధ్య పెట్టుకోబోయింది. అప్పటిదాకా దూరంగా నిలబడ్డ పెద్దకోడలు వచ్చి, మాట్లాడకుండా టార్చి అందుకుంది. వెలుగు సరిగ్గా కావలసిన చోట పడింది.

లోపల పాత హార్డ్ డిస్కు ఇనపడబ్బాలా బరువుగా ఉంది. దాని నుంచి బూడిదరంగు తీగ, అరచెయ్యంత వెడల్పుది, నాడాలా వంపులు తిరిగి బోర్డులోకి వెళ్తోంది. చిన్నకోడలు సంచీలోంచి కొత్త డిస్కు తీసింది. పేకముక్క కన్నా కాస్త పెద్దది, అంతే. మామగారు అరచేతిలో పెట్టించుకుని ఎగరేసి చూశారు.

"ఇందులో ఏమైనా ఉందా అసలు?"

"పాతదాని లాంటివి పది పడతాయి మామయ్యా. లోపల తిరిగేదేమీ ఉండదు, అరగదు. కానీ ఈ వెడల్పు తీగ దీనికి సూటిగా పట్టదు. మధ్యలో ఈ ముక్క పెట్టాలి." అగ్గిపెట్టెంత అడాప్టరు చూపించింది. "ముందు రెండింటినీ ఒకే తీగకు కలిపి, పాతదాంట్లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి ఎక్కిస్తాను. అది అయ్యేదాకా పాతది ఊపిరి బిగబట్టుకుని ఉంటే చాలు."

కలిపింది. కాపీ చేసే ప్రోగ్రాము ఉన్న సీడీ పెట్టి స్విచ్చి వేసింది. తెర మీద ఒక్క డిస్కే కనబడింది. ఆపి, తీగలు నొక్కి, మళ్ళీ వేసింది. ఈసారి ఒక్కటి కూడా కనబడలేదు.

"పోయిందా?" అంది పెద్దకోడలు. రెండేళ్ళలో సూటిగా ఆడిన మొదటి మాట అది. ఇద్దరూ గమనించారు, ఇద్దరూ గమనించనట్టు ఊరుకున్నారు.

"పోలేదు. ఒకే తీగ మీద రెండు ఉన్నప్పుడు ఏది పెద్దదో ఏది చిన్నదో ముందే చెప్పాలి. ఇదిగో, ఈ చిన్న టోపీ ఏ పిన్నుల మీద పెడితే దాన్నిబట్టి. నేను రెండింటికీ పెద్దదనే పెట్టేశాను."

మామగారు ఉండబట్టలేకపోయారు. "చెప్పకపోతే?"

"ఇలాగే మామయ్యా. రెండూ మాట్లాడవు."

మామగారు బాబిను తిప్పడంలో మునిగిపోయారు. చిన్నకోడలు పట్టకారుతో ఆ బియ్యపుగింజంత టోపీని తీసి పక్క పిన్నుల మీద గుచ్చింది. స్విచ్చి వేసింది. రెండు డిస్కులూ ఒకదాని కింద ఒకటి తెర మీదికొచ్చాయి.

కాపీ మొదలైంది. ఇక చెయ్యగలిగింది లేదు, చూస్తూ కూర్చోవడమే. నీలం గీత చీమ నడిచినట్టు సాగుతోంది. మధ్యమధ్య పాత డిస్కు టక్కుమన్నప్పుడల్లా ఆగి, ఆలోచించుకుని, మళ్ళీ కదులుతోంది. పెద్దకోడలు టేబుల్ ఫ్యాను తెచ్చి విప్పిన పక్క నుంచి డిస్కుకు గాలి తగిలేలా పెట్టింది. వేడెక్కితే చప్పుడు పెరుగుతోందని ఈ మూడు రోజుల్లో ఆవిడ కనిపెట్టింది. "మంచి పని చేశావు" అంది చిన్నకోడలు, తెర మీంచి చూపు తిప్పకుండా.

టీ వచ్చింది. మధ్యాహ్నపు ఎండ కిటికీ ఊచల మీంచి జారి బల్ల మీదికి దిగింది. వీధిలో ఎవరో సైకిలుకు గాలి కొడుతున్నారు. ముగ్గురూ కప్పులు పట్టుకుని ఒక నీలం గీతను చూస్తూ కూర్చోవడం బయటివాళ్ళకు వింతగా ఉండేదేమో గానీ, మామగారికి మాత్రం చాలాకాలానికి ఆ గది నిండినట్టు అనిపించింది. దారం తెగిన చోట ముడి వేసుకుంటూ, లోలోపల ఏదో పాత పాట రాగం తీశారు.

గీత చివరిదాకా చేరింది. నాలుగైదు చోట్ల చదవలేకపోయానని ప్రోగ్రాము చెప్పింది, మిగతాదంతా వచ్చేసింది. చిన్నకోడలు గట్టిగా ఊపిరి వదిలి, పాత డిస్కును విప్పి బల్ల మీద పెట్టింది. కొత్తదాన్ని దాని అరలో పెట్టబోతే డొల్లగా అటూ ఇటూ ఊగింది. దాన్ని బిగించే ఇనప చట్రం తేవడం మర్చిపోయింది.

"షాపుకెళ్ళి తెస్తాను."

"ఎందుకూ?" మామగారు సొరుగులోంచి నడుంపట్టీల ఎలాస్టిక్ తీశారు. "లోపల తిరిగేదేమీ ఉండదన్నావుగా. కట్టేద్దాం."

నలభై ఏళ్ళు లాగూలు కుట్టిన చేతులు. ఎలాస్టిక్‌ను అర అంచుల్లోంచి రెండు మెలికలు తిప్పి, డిస్కును బిగించి, మిగిలిన కొసను కత్తిరించి పారేశారు. చిన్నకోడలు వేలితో కదిపి చూసింది. కదల్లేదు. "మా షాపులో చెబితే నవ్వుతారు" అంది.

"లాగూ జారకపోతే చాలు, ఎవరు నవ్వితే మనకేం" అన్నారాయన.

ఈసారి పెద్దకోడలే స్విచ్చి వేసింది. టక్ టక్ లేదు. ఫ్యాను హోరు తప్ప ఏ చప్పుడూ లేదు. అలవాటైన తెర బదులు నీలం రంగు తెర వచ్చి, దాని మీద తెల్లటి అక్షరాలు వరసగా పడటం మొదలెట్టాయి.

"ఏమైంది?"

"ఏం కాలేదు. మొన్న మధ్యలో ఆగిపోయింది కదా, లేవగానే లోపల అంతా సరిగ్గా ఉందా అని తనే చూసుకుంటోంది." చెబుతున్నదల్లా చిన్నకోడలు ఆగిపోయింది. ముందుకు వంగి, తెరకు దగ్గరగా మొహం పెట్టి చదివింది. మళ్ళీ చదివింది. ఆమె చెవులు ఎర్రబడటం పక్క నుంచి కనిపించింది.

"అక్కా. ఇలా రా. ఇది చదువు."

పెద్దకోడలు చదివింది. రెండు ఫైళ్ళ పేర్లు. ఒకటి చేప, ఒకటి కత్తెర.

ఈ కథను మొదటి నుంచి చదువుతున్నవాళ్ళకు ఆ చేప గుర్తే. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఒక్క ముక్క. రెండేళ్ళ కిందట ఈత క్లబ్బు పిల్లల జాకెట్ల మీద గెంతుతున్న చేప బొమ్మ కుట్టాలి. డిజైను చేసింది చిన్నకోడలు. మర్నాడు పొద్దున్నే ఆమె దారాలు కొనడానికి వెళ్ళింది, ఈలోగా మెషీను జాకెట్లన్నీ కుట్టేసింది. చేప తల, మొప్పలు, పొలుసులు ముచ్చటగా వచ్చాయి. నడుము కింద మాత్రం తోక బదులు కత్తెర వచ్చింది, అదీ మంగలి షాపు వాళ్ళ కత్తెర. జాకెట్లు తీసుకోవడానికొచ్చిన పిల్లలు నేల మీద దొర్లి నవ్వారు. పెద్దవాళ్ళు నవ్వలేదు. వాళ్ళందరి ముందూ పెద్దకోడలు అంది, "పని మీద ధ్యాస లేనివాళ్ళు ఆ కుర్చీలో కూర్చోకూడదు" అని. రాత్రి తను చూసినప్పుడు చేప బాగానే ఉందని చిన్నకోడలు చెప్పింది. ఎవరూ వినలేదు. మర్నాటి నుంచి ఆమె ఆ కుర్చీలో కూర్చోలేదు.

"నాకు ఆ చేపను మళ్ళీ చూపించడానికే వచ్చావా?" పెద్దకోడలి గొంతు గరుకుగా ఉంది.

"నేను చూపించట్లేదు. అది చెబుతోంది. కిందది కూడా చదువు."

"నాకు అర్థం కాదు. నువ్వే చెప్పు."

చిన్నకోడలు స్టూలు లాక్కుని కూర్చుంది. నెమ్మదిగా, షాపులో ముసలివాళ్ళకు చెప్పేటప్పటిలా చెప్పింది. "డిస్కులో ప్రతి ఫైలుకూ దాని చోటు దానికి ఉంటుంది. ఏది ఎక్కడుందో ఒక పక్కన రాసుకుంటుంది. ఆ రాత దెబ్బ తింటే రెండు ఫైళ్ళూ ఒకే చోటును నాదంటే నాదనుకుంటాయి. చేప మొదటి సగం దాని చోట్లోనే ఉంది. రెండో సగం కోసం వెళ్ళినప్పుడల్లా కత్తెర ఉన్న చోటికి వెళ్తోంది. మెషీనుకేం తెలుసు, ఏది ఇస్తే అది కుట్టేసింది."

"అదెప్పుడు దెబ్బ తింది?"

"కచ్చితంగా చెప్పలేను. కానీ నేను చేప చూసి పడుకున్న రాత్రి కరెంటు పోయి వచ్చింది. ముసలాయన ఆన్‌లోనే ఉన్నాడు."

"పోయింది" అన్నారు మామగారు. "పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. నేను ఫ్యాను లేక వరండాలో పడుకున్నాను."

పెద్దకోడలు తెర వైపే చూస్తోంది. "అంటే నువ్వు కలపలేదు."

"నేను కలపలేదు." చిన్నకోడలు నవ్వింది, కానీ నవ్వు సగంలో వణికింది. "అక్కా, నేనే కలిపేశాననుకున్నాను. బయటికి కాదని వాదించాను గానీ లోపల నాకూ అనుమానమే. నిద్రమత్తులో ఏదో నొక్కేసి ఉంటానని. షాపులో ఒక పని చేశాక మూడుసార్లు చూస్తాను. ఇంటికెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి చూసిన రోజులున్నాయి. మీ మరిది నన్ను వేళాకోళం చేస్తాడు, స్టవ్వు ఆపానా లేదా అని కూడా ఆయన్నే అడుగుతానని."

కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యెత్తితే వేళ్ళకంటిన దుమ్ము బుగ్గకు రాసుకుంది. పెద్దకోడలు బల్ల మీంచి కుట్టగా మిగిలిన మెత్తటి గుడ్డముక్క తీసి ఇచ్చింది. ఇచ్చి అక్కడే నిలబడింది.

"నలుగురి ముందూ అన్నాను నిన్ను. అనకుండా ఉండాల్సింది. వెనక్కి తీసుకోవాలన్నా నలుగురి ముందే తీసుకోవాలి, ఇక్కడ చూస్తే మామయ్య ఒక్కరే ఉన్నారు."

"నలుగురు లేరని ఆగకు, నన్నే నలుగురనుకో" అన్నారు మామగారు. "ఇంట్లో నేను తినేది చూసి మీ అత్తయ్య కూడా అలాగే అనేది."

ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. ఆ నవ్వులో పెద్దకోడలు చక్రాల కుర్చీని పక్కకు లాగి, దాని మీదున్న కోట్ల కుప్ప ఎత్తి బల్ల మీద వేసింది. "ఇటు కూర్చో చెల్లాయ్. నా కుట్టు ఎంత బాగున్నా ఈ కుర్చీ నాకు నప్పలేదు. నడుం పట్టేసేది."

ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో చిన్నకోడలు లెక్కపెట్టుకోలేదు. కూర్చుంది. నీలం తెర పోయి పాత తెర వచ్చింది. ఇదివరకు ముసలాయన లేచేసరికి దారాలన్నీ సర్దుకునే తీరిక ఉండేది. ఇప్పుడు కళ్ళు మూసి తెరిచేలోగా లేచి కూర్చున్నాడు. చిన్నకోడలు దీపం బొమ్మ తెరిచి, ఒత్తి నుంచి పాదం దాకా దగ్గరగా పెంచి చూసింది. పొరపాటేమీ లేదు. చదవలేకపోయిన నాలుగైదు చోట్లలో ఎప్పుడో పోయిన దుకాణాల బొమ్మలే ఉన్నాయి. చేపను మాత్రం పక్కకు తీసి ఉంచింది. దానికి తోక మళ్ళీ గియ్యాలి.

పెద్దకోడలు ఆరు కోట్లు చట్రాలకు బిగించింది. మీట నొక్కగానే ఆరు సూదులూ ఒక్క లయలో దిగాయి. తెల్లటి జేబుల మీద ఆరు దీపాలు కింది నుంచి పైకి వెలిగాయి. మొదటి చుట్టు అయ్యాక ఆవిడ ఒక కోటు తిరగేసి వెనకవైపు కుట్టు చూసి, తలూపి, రెండో చుట్టు పెట్టింది. సాయంత్రానికి కుప్ప సగం తరిగింది. మామగారు వరండాలోకి వెళ్ళి కాళ్ళు చాపుకున్నారు.

మెషీను చప్పుడులో మాట వినబడాలంటే దగ్గరగా రావాలి. చిన్నకోడలు కుర్చీని జరుపుకుంటూ వచ్చింది.

"అక్కా, ఒకటి అడుగుతాను. కాదంటే కాదను, ఏమనుకోను. బస్సు డ్రైవర్ల చొక్కాల మీద పేర్లు కుట్టే పని నాకొచ్చింది. వాళ్ళ ఆఫీసు కంప్యూటర్లు నేనే చూస్తాను, మాటల్లో వచ్చింది. ఒప్పేసుకున్నాను. నాకు మెషీను లేదు. ఈ రోజు మామయ్య పిలవకపోయినా రేపో ఎల్లుండో నేనే వచ్చేదాన్ని, నీ మెషీను మీద కుట్టుకోనిస్తావా అని. ఇప్పుడైతే అలా కాదు. ఇద్దరం కలిసి చేద్దాం."

పెద్దకోడలి చేతులు ఆగిపోయాయి. సంతోషం వచ్చినట్టే వచ్చి మొహంలో ఎక్కడో ఇరుక్కుపోయింది. మెషీను తన పాటికి తను కుడుతూనే ఉంది.

"ముసలాయన ఇక లేవడనుకున్నాను" అంది చివరికి. "ఈ కోట్లు చేత్తోనైనా కుట్టి ఇచ్చేసి, ఇక ఆపేద్దామనుకున్నాను. స్కూలు బ్యాగులు కుట్టే ఆయన ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. నిన్న ఆయనకు మాట ఇచ్చేశాను. రేపు పొద్దున్నే బండి పంపిస్తాడు, మెషీను తీసుకెళ్ళడానికి."

"మామయ్యకు తెలుసా?"

"ఎలా చెప్పను? ఇంకా చెప్పలేదు."

చిన్నకోడలు చెయ్యి చాపింది. "ఆయన నంబరివ్వు."

"ఏమని చెప్తావు? మాట ఇచ్చింది నేను."

"తెలీదు. ముందు నంబరివ్వు."

ఫోన్ మోగుతున్న చప్పుడు ఇద్దరికీ వినిపించింది. అవతల ఎత్తారు. చిన్నకోడలు నోరు తెరిచేలోగా ఆమె చెవి దగ్గరికి వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి, ఫోన్‌ను మెల్లగా లాక్కుంది. మామగారు ఎప్పుడు లోపలికి వచ్చారో, ఎంత విన్నారో వాళ్ళకు తెలియదు. ఆయన మొహంలో కోపం లేదు, నవ్వూ లేదు.

"హలో" అన్నారాయన. "నేను ఆ మెషీను యజమానిని. మీరు ఎవరి దగ్గర కొన్నామనుకుంటున్నారు?"